మార్కెట్ అంతా ఆయ్ అన్న రోజు

అమలాపురంలో సెల్‌ఫోన్ల కొట్టు పెట్టినప్పుడు నాకు ముప్ఫై ఆరేళ్ళు. ఆరేళ్ళు తిరిగేసరికి అద్దంలో మా తాతగారు కనపడడం మొదలుపెట్టారు. ఆయన పోయి అప్పటికి చాలా కాలమైంది కాబట్టి, అది నేనే అయ్యుండాలి.

కొట్టు మీద ఒక పెద్ద కంపెనీ బోర్డు ఉండేది. పేరెందుకు లెండి, ఆ రోజుల్లో ఫోనంటే ఆ కంపెనీ ఫోనే. బోర్డు ఎంత పెద్దదంటే, దాని నీడలో ఏడు ఆటోలు, రెండు చెరకురసం బళ్ళు, ఒక ఆవు, ఆ ఆవుని వెతుక్కుంటూ వచ్చిన మనిషి హాయిగా నిలబడేవారు. దాన్ని నాకిచ్చేటప్పుడు కంపెనీవాళ్ళు రెండు షరతులు పెట్టారు. ఇంకో కంపెనీ ఫోను నా గుమ్మం తొక్కకూడదు. మూణ్ణెల్లకోసారి వాళ్ళు చెప్పినన్ని ఫోన్లు అమ్మి తీరాలి.

మొదట్లో అదొక కష్టమే కాదు. ఫోను అంత గట్టిది. కొబ్బరిచెట్టెక్కి దింపు తీసేవాళ్ళ నడుం నుంచి జారిపడితే కింద కాయ పగిలేది కానీ ఫోను పగిలేది కాదు. మా ఆవిడ దానితో వెల్లుల్లి దంచేది. దంచుతుండగా ఎవరైనా ఫోను చేస్తే పొట్టు దులిపి అందులోనే మాట్లాడేది.

తర్వాత చైనా ఫోన్లు వచ్చాయి.

ఎక్కడో వస్తే నాకేం? సరిగ్గా నా కొట్టుకి ఎదురుగా, రోడ్డుకి అవతల, మా చెల్లెలి భర్త పెట్టిన కొట్టులోకి వచ్చాయి. ఒక్కో ఫోనులో రెండు సిమ్ములు, టార్చిలైటు, రేడియో, టీవీ, టీవీకి మూరెడు ఏంటెన్నా, వెనకాల మొహం చూసుకునే అద్దం. స్పీకర్లయితే ఎనిమిది. ఎనిమిదీ ఒక్కసారి విప్పితే అంత దూరాన కాట్రేనికోనలో రొయ్యలు చెరువు గట్టెక్కి ఎవరొచ్చారా అని చూసేవి. ధర మాత్రం మా ఫోనులో మూడోవంతు.

నేను కొట్టులో కూర్చుని ఎదురు కొట్టుకి పోతున్న జనాన్ని చూస్తూ ఉండేవాణ్ణి. పోయేవాళ్ళు ఊరికే పోరు. నా గుమ్మం ముందు ఆగి, "బావున్నారాండీ? పిల్లలు బావున్నారాండీ?" అని కుశలం అడిగి మరీ రోడ్డు దాటేవారు. ఆ మర్యాదకి రోజుకి రెండువందల సార్లు "ఆయ్, బావున్నామండీ" అని చెప్పి చెప్పి నా దవడలు అరిగిపోయాయి. అమ్మింది మాత్రం ఒక చార్జరు.

అలా రెండు విడతలు కోటా తప్పింది. మూడోసారి తప్పితే బోర్డు తీసుకుపోతామని కంపెనీ ఉత్తరం రాసింది. బోర్డు పోతే కొట్టు పోయినట్టే. ఆరేళ్ళుగా నేను నేర్చుకున్న పని అదొక్కటే, దానికి ముందు చేసిన కొబ్బరిపీచు వ్యాపారం గురించి మాట్లాడితే మా ఆవిడ అన్నం తినేది కాదు.

నేనూ ఉత్తరం రాశాను. పద్దెనిమిది పేజీలు. జనానికి రెండు సిమ్ములు కావాలండీ, ఒకటి కువైట్ నుంచి వచ్చే ఫోన్లకి, ఇంకోటి ఊళ్ళో మాటలకి. మీరు కూడా అలాంటిది ఒకటి చవగ్గా చేసి పంపండి, అది వచ్చేదాకా నా కోటా సగానికి తగ్గించండి. ఇదీ సారాంశం. మిగతా పదిహేడు పేజీలూ నమస్కారాలు.

సగటు మనిషి ఏ ఫోను వాడుతున్నాడో స్వయంగా చూడడానికి మేనేజరు హైదరాబాద్ నుంచి వస్తున్నాడని జవాబొచ్చింది. నేను గాలిలో తేలిపోయాను. కళ్ళున్నవాడెవడైనా మా మార్కెట్‌లో పది అడుగులు వేస్తే నిజం తెలిసిపోతుంది. ఎవరికీ ఏమీ చెప్పకూడదు, ఎవరినీ సిద్ధం చేయకూడదు, జనం నోటి నుంచే రావాలి అనుకున్నాను.

మేనేజరు కుర్రవాడు. ఇస్త్రీ చొక్కా, చేతిలో పుస్తకం, అందులో గళ్ళు. ఆటో దిగేసరికే కొట్టు ముందు ఓ పదిమంది చేరారు. మా ఊళ్ళో ఇస్త్రీ చొక్కాకి ఆ మాత్రం జనం చేరతారు. వాళ్ళకి అతన్ని పరిచయం చేస్తూ నేనో మాటన్నాను.

"మా కంపెనీ మేనేజరుగారండీ. నా కోసం హైదరాబాద్ నుంచి ఇంత దూరం వచ్చేరు."

నా జీవితంలో చేసిన తప్పులన్నీ ఒక తాటాకు బుట్టలో వేసి, ఈ తప్పుని ఇంకో బుట్టలో వేస్తే ఇదే బరువు తూగుతుంది. సర్వే చేసే ఉద్యోగి కాస్తా ఆ ఒక్క మాటతో మా చుట్టమైపోయాడు.

ముందు నిలబడ్డది దింపు తీసే పెద్దమనిషి. భుజాన చెట్టెక్కే మోకు, చేతిలో చైనా ఫోను, దాంట్లోంచి ఊరేగింపంత పాట. మేనేజరు దగ్గరికి రాగానే పాట కట్టేసి ఫోను లుంగీ ముడిలోకి దోపేశాడు.

"మీరు ఏ ఫోను వాడుతున్నారండీ?" అన్నాడు మేనేజరు.

"తమరిదేనండీ."

"చైనా ఫోన్ల మీద మీ అభిప్రాయం?"

"అబ్బే, అవేం ఫోన్లండీ! చెట్టెక్కితే మాటే వినపడదు. తమరి ఫోనయితే దేవుడితో మాట్లాడొచ్చండి."

నేను కళ్ళతో, కనుబొమ్మలతో, చివరికి చెవులతో కూడా సైగలు చేశాను. అతను నా వైపు చూసి, ఎలా చెప్పాను అన్నట్టు తల ఎగరేశాడు.

తర్వాత కువైట్‌లో తొమ్మిదేళ్ళు పనిచేసి వచ్చిన ఒక పిన్నిగారు. ఆవిడ అరబ్బు యజమానురాలినే ఎదిరించి వచ్చిన మనిషి, కూరగాయలవాళ్ళు ఆవిడ వస్తోందంటే తక్కెడ తుడుచుకునేవారు. ఈవిడైనా నిజం చెబుతుందని నా ప్రాణాలన్నీ ఆవిడ నోట్లో పెట్టాను.

"రెండు సిమ్ముల ఫోను కావాలని మీకెప్పుడైనా అనిపించిందాండీ?"

"ఒక నోటికి రెండు సిమ్ములెందుకు బాబూ?" అంది పిన్నిగారు. "మా ఇంటిల్లిపాదీ మీ కంపెనీవేనండీ. మా మేనకోడలికి పెళ్ళిలో కూడా అదే పెట్టేం."

సరిగ్గా అప్పుడే ఆవిడ సంచిలో చైనా ఫోను మోగింది. ఎనిమిది స్పీకర్లూ విప్పుకుని మోగింది. గూట్లో పావురాలు లేచిపోయాయి. బ్యాంకు తలుపు దానంతటదే తెరుచుకుంది.

"ఏమిటండీ ఆ శబ్దం?" అన్నాడు మేనేజరు.

"పెళ్ళివారి మైకండీ," అంది పిన్నిగారు సంచిని చంక కింద నొక్కిపెట్టి.

"ఆయ్, పెళ్ళివారేనండీ," అన్నారు పదిమందీ ఒక్క గొంతుతో. అది శూన్యమాసం. మా జిల్లాలో ఆ నెల పెళ్ళి చేసిన మనిషి పుట్టలేదు. హైదరాబాద్ మనిషికి ఆ సంగతి ఎలా తెలుస్తుంది?

ఇంక మిగిలింది ఎదురు కొట్టు మా బావ. పోటీదారు కదా, గొప్పలు చెప్పుకోకుండా ఉండలేడు, ఆ గొప్పలే నన్ను కాపాడతాయని మేనేజర్ని చెయ్యి పట్టుకుని రోడ్డు దాటించాను. మేం వెళ్ళేసరికి అక్కడ కుర్చీ వేసి ఉంది. బొండాం కొట్టి ఉంది. ఆత్రేయపురం పూతరేకులు పళ్ళెంలో ఉన్నాయి. కొట్టులో ఒక్క కొనుగోలుదారు లేడు. ఉన్న పాతికమందినీ వెనక గుమ్మం నుంచి పంపేశాడని తర్వాత తెలిసింది.

"వ్యాపారం ఎలా ఉందండీ?"

"ఏముందండీ, దుమ్ము దులుపుకోడమే," అన్నాడు మా బావ చేతులు కట్టుకుని. "మా బావగారి కంపెనీ ముందు ఇవెంతండీ? తవరు పూతరేకు తీసుకోండి."

"బావా, నిజం చెప్పు," అన్నాను.

"నిజమేనండీ బావగారూ. నేను దాస్తానాండీ?"

మేనేజరు ఆరో పూతరేకు నములుతూ పుస్తకంలో గళ్ళన్నీ నింపాడు. తిరిగొస్తుంటే నేను ఉండబట్టలేక, "సార్, వీళ్ళందరి దగ్గరా ఉన్నవి చైనా ఫోన్లేనండీ, మీరు చుట్టమని మొహమాటపడి చెప్పడం లేదు," అన్నాను. అతను ఆగి నన్ను జాలిగా చూశాడు.

"ఫోను బాగుంది. జనం బాగున్నారు. పోటీ కొట్టువాడు కూడా ఒప్పుకుంటున్నాడు. మరి ఫోన్లు ఎందుకు అమ్ముడుపోవడం లేదంటే, ఇంక మిగిలింది ఎవరండీ?"

అతను ఆటో ఎక్కగానే నేను ఆ పదిమంది మీద పడ్డాను. "నా కొంప ముంచేరు కదయ్యా! ఎందుకలా అబద్ధాలాడేరు?"

దింపు పెద్దమనిషి నొచ్చుకున్నాడు. "అంత దూరం నుంచి వచ్చిన మనిషిని నిలబెట్టి, మీ సరుకు బాగోలేదని ఎలా అంటామండీ? మీ పరువేం కావాలి?"

"నీ కోసం మేనకోడలి పెళ్ళి కూడా వాడేను," అంది పిన్నిగారు. "దానికింకా సంబంధమే కుదర్లేదు."

అరుగు మీద కూలబడితే వాళ్ళే మంచినీళ్ళు తెచ్చిచ్చారు.

ఇరవై రోజులకి కంపెనీ నుంచి ఉత్తరం వచ్చింది. కోనసీమ మార్కెట్ నూటికి నూరుపాళ్ళూ మనదేనని సర్వేలో తేలిందట. కాబట్టి రెండు సిమ్ముల ఫోను అవసరం లేదట. కోటా రెండింతలు చేశారట. మూడో విడత ఎప్పటిలాగే తప్పింది. రాజమండ్రి నుంచి ఇద్దరు మనుషులు నిచ్చెన వేసుకుని వచ్చి బోర్డు విప్పారు. పొద్దున్న మొదలుపెడితే మధ్యాహ్నం అయింది. విప్పాక కొట్టు ముందు ఎండ అంత ఉంటుందని నాకు మొదటిసారి తెలిసింది. బోర్డు వెనక గోడ మీద ఆరేళ్ళు ఎండా వానా తగలని చోటు కొత్త చొక్కాలా మెరుస్తోంది.

వాళ్ళు వెళ్ళాక మా బావ రోడ్డు దాటి వచ్చి నా పక్కన కూర్చున్నాడు.

"బావగారూ," అన్నాడు, "మీ కంపెనీవాళ్ళు రెండు సిమ్ములు పెట్టి ఉంటే సంక్రాంతికల్లా నా కొట్టు ఎత్తేసేవాణ్ణండి. రోజూ భయపడుతూ కూర్చునేవాణ్ణి."

"ఆ మాట ఆయనతో అనొచ్చు కదా బావా."

"పూతరేకులు తింటున్న మనిషితోనాండీ?"

మర్నాడు పొద్దున్నే రెండు అట్టపెట్టెలు పంపించాడు. వద్దని చెప్పే శక్తి లేక తీసుకున్నాను. ఇంక ఏ షరతూ లేదు, ఏ ఫోనైనా పెట్టుకోవచ్చు. ఆరేళ్ళూ ఒకే పేరు వరుసగా నిలబడ్డ గాజు అల్మరా తుడిచి, ఆ పెట్టెల్లో చైనా ఫోన్లు ఒక్కొక్కటే బయటికి తీసి పేర్చాను. నలభై ఫోన్లు. ఏ రెండింటికీ పేరు ఒకటి కాదు. సగం పేర్లు చదవడం కూడా నాకు రాలేదు.