ఇద్దరూ ఒకేసారి నవ్వే సినిమాలు

పోయిన నెలలో ఒక పొద్దున మా మేనమామ దవాఖానలో కన్నుమూశాడు. ఎల్బీనగర్ ఇంట్లో ఉన్న అత్తమ్మకు ఆ మాట చెప్పే పని నా మీద పడింది. ఆమెకు చెవులు వినపడవు. ఎట్ల చెప్పాలా అని మెట్రోలో దారి పొడుగునా ఆలోచించాను. తలుపు తీసి నా ముఖం చూడగానే ఆమె గోడ పట్టుకుని కూలబడిపోయింది. చెప్పాల్సిన అవసరమే రాలేదు.

పోచంపల్లి నుంచి వచ్చిన మామ దిల్‌సుఖ్‌నగర్‌లో చీరల దుకాణం నడిపాడు. ఇద్దరికీ సినిమాలంటే ప్రాణం. ఏళ్ల కింద జ్వరమొచ్చి అత్తమ్మకు వినికిడి పోయింది. అయినా మామ ఆమెను థియేటర్‌కు తీసుకుపోయేవాడు. హాలంతా నవ్వుతుంటే ఆమె అతని మోచెయ్యి లాగి, "ఏమన్నడు? ఏమన్నడు?" అని అడిగేది. మామ చేతులతో చెప్పి, ఆమె నవ్వేసరికి హాలు సద్దుమణిగేది. ముందు వరుసవాళ్లు వెనక్కి తిరిగి చూసేవాళ్లు. ఒకరోజు ఆమె ఇంటర్వెల్‌లోనే లేచింది. "నన్ను ఇంక తీస్కరాకు" అంది.

మామ కూడా పోవడం మానేశాడు. కొన్నాళ్లకు, సినిమాకు ఇంకా మాటలు రాని రోజుల హాస్య చిత్రాలు ఫోన్‌లో కనపడితే టీవీకి కలిపి పెట్టాడు. అందులో ఒక లావుపాటి దొర అప్పుడే రంగేసిన బెంచీ మీద దర్జాగా కూర్చున్నాడు. ఇద్దరూ ఒకేసారి నవ్వారట. ఆ సంగతి మామ పదే పదే చెప్పేవాడు.

తర్వాత వాటి గురించి దొరికిందల్లా చదివాడు. ఆదివారం మధ్యాహ్నాలు వాళ్ల హాల్లో మేమూ, అపార్ట్‌మెంట్ వాళ్లూ చాపల మీద చేరేవాళ్లం. బొమ్మలో మనుషులు గబగబా నడుస్తుంటే మేం నవ్వేవాళ్లం. మామ ఆపి వేగం తగ్గించేవాడు. "వాళ్లు గట్ల ఉరకలే బిడ్డా. అది చేత్తోని మెల్లగ తిప్పిన కెమెరా. మన మిషిన్లే జోరుగ తిప్పి వాళ్లను ఉరికిస్తున్నయి" అనేవాడు. తగ్గించాక చూస్తే, పడబోయే ముందు ఆ నటుడి కళ్లలో భయం కనపడేది. ఇప్పుడు ఏ పాత బొమ్మ చూసినా నేను ముందు కళ్లే చూస్తాను. అది మామ నేర్పింది.

తొలి రోజుల్లో ఆ బొమ్మలు సంతల్లో, గుడారాల్లో ఆడేవని, పరాయి దేశానికి కూలికొచ్చిన జనం పని దిగి వచ్చి చూసేవాళ్లని చెప్పేవాడు. "భాష రానోళ్లు గూడ అందరితోని కలిసి నవ్విన్రు" అంటూ అత్తమ్మ వైపు చూసేవాడు.

ఒకసారి తెల్ల నటులు ముఖానికి మసి పూసుకుని నల్లజాతివాళ్లను వెక్కిరించే ఘట్టం వచ్చింది. "తీసెయ్ అన్నా, గిదెందుకు?" అన్నాడు పై అంతస్తు ఆయన. మామ తీయలేదు. "గప్పుడు దీనికి గూడ నవ్విన్రు. ఎవల్ని జూసి నవ్విన్రో మనకు తెల్వాలె. మనం నవ్వద్దు, అంతే."

దినాలైన తర్వాతి ఆదివారం ఎవరూ పిలవకుండానే అందరూ వచ్చి కూర్చున్నారు. బొమ్మ నేను పెట్టాను. చెప్పే మనిషి లేడు. గొంతు ఎంత పెద్దగా వస్తుందో తనకు తెలియదన్న సిగ్గుతో అత్తమ్మ నలుగురిలో నోరు విప్పడం ఎప్పుడో మానేసింది. ఆ రోజు లేచి టీవీ పక్కన నిలబడింది.

"జర ఆపు బిడ్డా. గీయన పడెటప్పుడు కింద పరుపుల్లేవు, తాళ్లు లేవు. నిజంగనే పడ్డడు. మీ మామ నాకు చేతులతోని చెప్పిండు."

చాలా పెద్ద గొంతు. కిటికీలోంచి రోడ్డు మీదికి వినపడింది. కింద బండి దగ్గర జామకాయలు కోస్తున్న మనిషి కత్తి ఆపి, తలెత్తి పైకి చూస్తూ నిలబడిపోయాడు.