ఆరో వేలికి దర్జీ ముడి

మానవజాతి నిప్పును కనిపెట్టింది, చక్రాన్ని కనిపెట్టింది. లోకంలో వదులైనదాన్ని దేన్నయినా దారంతో బిగించవచ్చన్న మహాసత్యం మాత్రం ఒక్క దర్జీగారికే తట్టింది. కళ్ళజోడు కాడ ఊడితే దారం. గొడుగు పుల్ల విరిగితే దారం. కుళాయి కారుతుంటే దానికీ దారమే. కారడం ఆగలేదు గానీ అందులో కాస్త క్రమశిక్షణ వచ్చింది. ఒకసారి పన్ను కదులుతోందని నోరు జారిన భార్య, ఆయన దారపు కండె తీయగానే పుట్టింటికి చెక్కేసి, అది ఊడాకే తిరిగొచ్చింది. ఇక ఆయన బొత్తాలకు వేసే ముడి సంగతి పేటంతా ఎరుగును. చొక్కా చిరుగుతుంది గానీ బొత్తాం రాదు.

అలాంటి ఇంట్లో కూతురికి ఆడపిల్ల పుట్టింది. ఎడమచేతి చిటికెనవేలి పక్కన, పిలవకుండా వచ్చిన చుట్టంలా ఇంకో బుల్లివేలు, గోరుతో సహా.

పిల్లల డాక్టరమ్మ ఎక్స్‌రే తీయించింది. "ఇందులో ఎముక ఉందండీ. ఏడాది నిండాక మత్తిచ్చి తీసేద్దాం. అందాకా ఎవరూ దాని జోలికి వెళ్ళకండి."

"ఏడాదే!" అని గుడ్లు తేలేశారు దర్జీగారు. పెళ్ళికొడుకు కోటునైనా ఆయన వారంలో కుట్టి ఇచ్చేస్తారు.

మర్నాడు కూతురు స్నానానికి వెళ్ళిందో లేదో, ఆయన నల్ల పట్టుదారం తీసి, కొస తడిపి, ఆ వేలి మొదట్లో తన ముడి బిగించేశారు. నాలుగు రోజుల్లో ఎండి రాలుతుందని, అందరూ నోరు తెరుస్తారని ఆయన లెక్క.

ముందు నోరు తెరిచింది పాపే. ఇల్లు ఎగిరిపోయేలా ఏడ్చింది. కూతురు తడిజుట్టుతో పరుగెత్తుకొచ్చేసరికి వేలు వంకాయ రంగులో ఉంది.

"ఏం చేశావు నాన్నా?"

"చిన్న ముడేనమ్మా..."

"విప్పు ముందు!"

గోటితో లాగారు, సూదితో కెలికారు. ఊడని ముడి అని నలభై ఏళ్ళుగా ఆయనే చాటారు. ముడి కూడా అది నమ్మినట్టుంది. కత్తెర చూస్తే జానెడున్నర, ఆ సందు చూస్తే బియ్యపుగింజంత.

"కుళాయిని చూశాకైనా బుద్ధి రావద్దూ మీకు!" అంటూనే భార్య చెప్పులు వేసుకుంది. అందరూ ఆటో ఎక్కారు.

"ఎవరు కట్టారిది?" అంది డాక్టరమ్మ, సన్నకత్తెర అందుకుంటూ.

"నేనే తల్లీ," అన్నారు దర్జీగారు. తన పనితనం తనదని తల దించుకుని చెప్పుకోవడం ఆయనకదే మొదలు.

"దారం ఎముకని కోస్తుందా తాతగారూ? ఇంకాస్త ఆలస్యమైతే కుళ్ళి, చెయ్యంతా చీము పట్టేది."

ముడి తెగింది. వేలు వంకాయ రంగు వదిలి ఎరుపైంది, ఎరుపు తగ్గి గులాబీరంగుకొచ్చింది. అంతసేపూ దర్జీగారు ఊపిరి తీసుకోవడం వాయిదా వేశారు.

ఆ ఏడాదంతా జేబులు తడిమి గానీ కూతురు ఆయన్ని పాప దగ్గరికి పంపలేదు.

ఆపరేషన్ రోజు ఆయన దుకాణం మూసి, ఇస్త్రీ కోటు తొడిగి, యుద్ధానికి వెళ్తున్నట్టు ఇరుగుపొరుగు దగ్గర సెలవు తీసుకున్నారు. పాపను లోపలికి తీసుకెళ్తుంటే డాక్టరమ్మకు అడ్డం వెళ్ళారు.

"కుట్లు ఎప్పుడు విప్పుతారమ్మా?"

"విప్పక్కర్లేదండీ. ఈ దారం దానంతటదే కరిగిపోతుంది."

దర్జీగారు బల్ల వెతుక్కుని కూలబడ్డారు. భార్య మంచినీళ్ళిచ్చింది. కూతురు తలుపు మీంచి చూపు తిప్పలేదు.

ఆపరేషన్ నలభై నిమిషాలు పట్టింది. పాప లేచి పాలు తాగింది.