మొలకలక్క ఆకునీళ్ళు

విత్తనాల పరీక్షా కేంద్రంలో పద్దెనిమిదేళ్ళుగా పనిచేస్తున్న ఆమెను అందరూ మొలకలక్క అనే పిలుస్తారు. పని చూస్తే ఇంతే. తడి కాగితం పరిచిన ట్రేలో వంద గింజలు పేర్చడం, ఏడో రోజున మొలిచినవెన్నో లెక్కపెట్టి ఆఫీసరుకు చెప్పడం. కానీ ఆమె చెప్పే అంకెను బట్టే ఆ విత్తనం పొలానికి వెళ్ళాలా, పప్పు మిల్లుకు వెళ్ళాలా అన్నది తేలుతుంది. అందుకే లెక్కపెట్టేటప్పుడు పక్కన ఎవరు దగ్గినా ఆమెకు ఒళ్ళు మండుతుంది.

అలాంటి మనిషి బుర్రను ఒక రైతు పెద్దాయన పరీక్షకని ప్యాకెట్లో తెచ్చిచ్చిన పెసలు తినేశాయి. ముప్పై ఏళ్ళుగా తనే ఏరి, దాచి, పెంచుకుంటున్న రకం ఆయనది. మొదట పెట్టిన ట్రేకు మూడో రోజుకే బూజు పట్టింది. ఆమెకు తల కొట్టేసినట్టయింది. పాపం, పెద్దవాడి గింజలని, కేంద్రం వెనకున్న యూకలిప్టస్ ఆకులు కోసి, కాచి, వడకట్టి, ఆ నీళ్ళతో కొత్త కాగితం తడిపింది. బూజు మళ్ళీ కనబడితే ఒట్టు! కానీ మొలిచినవి ముప్పై ఒకటే.

ఇదేం చోద్యం? గింజ నిగనిగలాడుతోంది, నీళ్ళు పీల్చి ఉబ్బుతోంది, ఆపైన మొద్దునిద్ర. ఈసారి ఆకునీళ్ళు ఇంకాస్త చిక్కగా కాచింది. పన్నెండు!

పెద్దాయన వచ్చి ఆ అంకె విని అక్కడే నిలబడిపోయాడు. "ఎప్పుడూ మొండికెయ్యలేదమ్మా ఇవి."

"నన్నేం చెయ్యమంటావు బాబాయ్? ఒక్కోదాన్నీ పట్టుకుని లాగనా?" అని విసుక్కుంది. అన్నాక మనసు చివుక్కుమంది.

"ఇంకోసారి పెట్టి చూడు. అదీ పోతే ఆ రకం విత్తనంగా రద్దే," అన్నాడు ఆఫీసరు.

ప్యాకెట్లో సరిగ్గా రెండు ట్రేలకే గింజలున్నాయి. కాచిన నీళ్ళేమో ఒక్క ట్రేకే సరిపోయాయి. రెండోదాన్ని గొణుక్కుంటూ కుళాయి నీళ్ళతో తడిపింది.

ఏడో రోజున ఆకునీళ్ళ ట్రే కడిగిన ముత్యంలా ఉంది, మొలిచినవి తొమ్మిది. కుళాయి నీళ్ళ ట్రే అంచులకు బూజు పట్టింది, మొలిచినవి తొంభై నాలుగు. నాలుగుసార్లు లెక్కపెట్టింది. ట్రేలు తారుమారు చేశానేమోనని చీటీలు చూసుకుంది. బూజు పట్టినచోట బతకడమేంటి, శుభ్రంగా ఉన్నచోట చావడమేంటి? చివరికి ఆకునీళ్ళ గిన్నెను వాసన చూసింది. బూజును ఆపిన ఆకే గింజనూ ఆపిందా? ఆకుకు అంత పంతమా?

తిన్నగా ఆఫీసరు దగ్గరికెళ్ళి, "తప్పు గింజలది కాదు సార్, నాది," అని అంతా చెప్పేసింది.

"ఆకు కషాయం గింజనేం చేస్తుంది?" అన్నాడాయన. రెండు ట్రేలూ చూశాక నోరు మూసుకుని తొంభై నాలుగు అని రాశాడు.

పెద్దాయనకు ఆమే ఫోన్ చేసింది. "బాబాయ్, నీ పెసలు బంగారం! బస్తాలు జాగ్రత్తగా పెట్టుకో."



"మొన్నే మిల్లుకు తోలేశానమ్మా," అన్నాడు. "నీ లెక్క ఎన్నడూ తప్పలేదు కదా అని."

"ఇంట్లో కాసినైనా లేవా?"

"గుప్పెడు కూడా లేవు."

సాయంత్రానికి ఆయన వచ్చాడు. లెక్కయిపోయిన మొలకలను చెత్తబుట్టలో వెయ్యాలన్నది కేంద్రం నియమం. ఆమె తొంభై నాలుగింటినీ తడి కాగితంతో సహా ఎత్తి, ఒక్క వేరూ తెగకుండా చుట్టి, ఆయన చేతిలో పెట్టింది.

"నాటితే బతుకుతాయా, అమ్మా?" అని అడిగాడు.

నేలలో పడ్డాక మొలక ఏమవుతుందో ఇన్నేళ్ళలో మొలకలక్క ఒక్కసారి కూడా చూడలేదు.