హ్యాండ్‌బ్రేక్ లాగమన్న అక్కయ్య

అక్కయ్య పుట్టి బుద్ధెరిగాక ఎవరి మాటకీ ‘ఊఁ’ కొట్టి ఎరగదు. "ఎండ మండిపోతోంది" అంటే "నిన్ను ఎండలో నిలబడమన్నదెవరు?" అనేది. ఆమె కుట్టుషాపులో ఎవరైనా చొక్కా వదులుగా కుట్టమంటే బిగువుగానే కుట్టేది. దెబ్బలాడదామని వచ్చినవాళ్లు అద్దంలో చూసుకుని, కిక్కురుమనకుండా తొడుక్కుపోయేవారు. వీధిలో ఆమె పేరు అడ్డక్క.

కళ్లజోళ్ల దుకాణం నడిపే తమ్ముడు నిచ్చెన మీంచి పడి తుంటి విరగ్గొట్టుకున్నాడు. ఆపరేషన్ చేసిన డాక్టరు "ఏడాది దాకా కారు తోలొద్దు. కానీ రోజూ నడవాలి" అన్నాడు. తమ్ముడి చెవికి మొదటి మాటే ఎక్కింది. ఇంటికి రాగానే గోడవైపు తిరిగి పడుకున్నాడు.

"నా పనైపోయింది. కారు అమ్మేయండి."

"అమ్మేది లేదు" అంది అక్కయ్య. ఆ కారు కొన్నప్పుడు ఎందుకు కొన్నావని అలిగి కూర్చున్నదీ ఆమే. "షెడ్డులో భద్రంగా పెడతాను. మళ్లీ నువ్వే తోలతావు."

"కార్ల సంగతి నీకేం తెలుసక్కా?"

"కుట్టుమిషన్‌కి అక్కలాంటిదేగా!"

మర్నాడు మెకానిక్‌ని వెంటబెట్టుకుని వచ్చింది. సగం మూసిన షెడ్డు తలుపు వెనకనుంచి ఆమె గొంతు ఖంగుమంది.

"ట్యాంకులో పెట్రోలు చుక్క లేకుండా తోడెయ్యి!"

తమ్ముడు మంచం మీదే ఉలిక్కిపడ్డాడు. "తోడొద్దు! నిండా పోయించాలి! లోపల తుప్పు పడుతుంది!"

"ఏమిటీ? వినబడి చావట్లేదు!"

పళ్లు నూరుకుంటూ వాకర్ అందుకుని కిటికీ దాకా వచ్చి అరిచాడు.

"బ్యాటరీ వైర్లు అలాగే ఉండనీ. అదేమైనా అన్నం అడుగుతుందా?"

"ఊడదియ్యాలి! బ్యాటరీ చచ్చిపోతుంది!" ఈసారి గుమ్మం దాకా వచ్చాడు.

"ప్లాస్టిక్ పట్టా చుట్టి, గాలాడకుండా బిగించెయ్యి!"

"చెమ్మ పట్టి రంగు పోతుందక్కా!" వాకర్ వరండాలో టకటకలాడింది.

"ఆ హ్యాండ్‌బ్రేక్ పీకల దాకా లాగు!"

ఇక అతని వల్ల కాలేదు. అలా లాగి నెలల తరబడి వదిలేస్తే బ్రేకులు పట్టేసుకుపోవూ? నొప్పిని తిట్టుకుంటూ, అక్కయ్యను అంతకన్నా గట్టిగా తిట్టుకుంటూ పెరడు దాటి షెడ్డు తలుపు తోశాడు.

హ్యాండ్‌బ్రేక్ దించే ఉంది. చక్రాలకు అటూ ఇటూ చెక్కదుంగలు. ఎత్తిన బానెట్ కింద బ్యాటరీ వైరు ఊడదీసి గుడ్డ చుట్టి ఉంది. ఎలుకలు దూరకుండా పొగగొట్టంలో గుడ్డలు కుక్కి ఉన్నాయి. ట్యాంకు నిండా పోయించిన పెట్రోలు రసీదు అద్దానికి అంటించి ఉంది. అక్కయ్య స్వయంగా కుట్టిన నూలుగుడ్డ ముసుగు అంచు వెనక డిక్కీ మీదికి వేలాడుతోంది.

"పొద్దున్నే అన్నీ పద్ధతిగా చేయించారండీ," అన్నాడు మెకానిక్ నవ్వాపుకోలేక. "ఆ తర్వాతే అరుపులు మొదలెట్టారు."

"మోసం!" అన్నాడు తమ్ముడు రొప్పుతూ.

"నడవరా అంటే నడిచేవాడివా?" అంది అక్కయ్య, ముసుగు సర్దే నెపంతో మొహం అటు తిప్పుకుని.

అతను వెనక్కి తిరిగి తన గది కిటికీ వైపు చూశాడు. ఇంత దూరం వచ్చింది తనేనా? కారు తలుపు మీద చెయ్యి ఆనించాడు.

"రేపు టైర్లలో గాలి తీసేస్తానని కేకెయ్యి" అన్నాడు. "కాస్త పెందరాళే మొదలెట్టు. చల్లగా ఉంటుంది."