స్కేలు చేజారిన ఆ క్షణం

నిన్న నేను సైన్సు చెప్పే ఏడో తరగతిలో, నా చేతిలోంచి వదిలిన చెక్క స్కేలు బండల నేల మీద టప్‌మని పడింది. దాన్ని పట్టుకోవాల్సిన శిరీష వేళ్లు తెరిచినవి తెరిచినట్టే ఉన్నాయి. పిల్లలు గొల్లున నవ్వారు. నాకు మాత్రం ఆ చప్పుడుతో సునంద మేడం గుర్తొచ్చారు.

తాండూరులో నేను ఏడో తరగతి చదివేటప్పుడు ఆవిడ మా సైన్సు టీచరు. అప్పటికే నా సంగతి బడంతా తెలుసు. ఒకరోజు లెక్క అందరికంటే ముందు చేసేసేదాన్ని, మర్నాడు అదే లెక్క ముందు నోరు తెరుచుకుని కూర్చునేదాన్ని. చెవిలో ఇల్లు కట్టుకుని పోరినా నా మనసు తన దారిన తను వెళ్లిపోయేది. పొగరని ఒక సారు, మొద్దని ఇంకో సారు తేల్చేశారు. ఇవన్నీ విని మా నాయనకు విసుగొచ్చింది. నాపరాళ్ల పాలిష్ యూనిట్‌లో బండల మంచీచెడ్డా చూసి వేరుచేయడం ఆయన పని. నన్ను కూడా అలాగే వేరుచేసి బషీరాబాద్‌లో మేనత్త దగ్గర, బర్రెల పనిలో పెట్టాలనుకున్నాడు. బర్రెలంటే నాకు భయమే కానీ, బడి పోతుందన్న భయం ముందు అదెంత!

ఆ వారమే మేడం క్లాసులో ఒక ఆట పెట్టారు. ఆవిడ స్కేలును నిలువుగా పట్టుకుని ఉన్నట్టుండి వదిలేస్తారు, కింద వేళ్లు తెరిచి ఉంచి మనం పట్టుకోవాలి. ఎంత కింది గీత దగ్గర పట్టుకుంటే అంత చురుకన్నమాట. అందరికీ చాలాసార్లు వదిలి సగటు తీశారు. నాదీ అందరిలాగే వచ్చింది.

"నీకేమైందే, మంచిగనే ఉన్నవు గదా!" అన్నారు.

నాకు ఏడుపొచ్చింది. ఏమీ కాలేదంటే నాది నిజంగా పొగరే అన్నమాట.

మర్నాడు ఆవిడే నన్ను పిలిచి మళ్లీ స్కేలు వదిలారు. ఈసారి సగటు జోలికి పోలేదు. ప్రతిసారీ స్కేలును కాక నా మొహాన్ని చూశారు.

"ఒకసారి క్లాసుల అందరికన్న ముందు పట్టుకుంటున్నవ్. ఇంకోసారి అసలు ఈడ లేనే లేవు. నిన్న రెండూ కలిపి సగటు తీసి నిన్ను మాయం చేసిన చూడు!" అంటూ తన నెత్తి తనే కొట్టుకున్నారు. తర్వాత దగ్గరకు జరిగి, "ఎటు పోయినవే గిప్పుడు?" అన్నారు.

"ఫ్యాన్ చప్పుడు వింటున్న మేడం."

"అవునా! ఏమంటున్నది?"

ఎటు పోయావన్న ప్రశ్న అందరూ అడిగేవారు, తిట్టడానికి. తెలుసుకోవడానికి అడిగిన మొదటి మనిషి ఆవిడే. ఫ్యాన్ రెక్క ఒకటి వంకరగా ఉందని, అందుకే తిరిగిన ప్రతిసారీ ముక్కుతోందని చెప్పాను. ఇద్దరం కాసేపు దాన్నే చూశాం.

సాయంత్రం నాయన టీసీ కోసం వచ్చాడు.

"గీమెకు చదువు ఎక్కుతలేదు మేడం. మా అక్క కాడ ఉంచుత."

"జర ఆగన్నా, గిది చూడు."

మేడం స్కేలు వదిలారు. ఠక్కున పట్టుకున్నాను. నాయన మొహం వెలిగింది. మళ్లీ వదిలితే నేల మీద పడింది.

"గిదే మేడం, పరాకు!"

"అన్నా, బండను ఒక్క కాడ కొట్టి చూసి పారేస్తవా?"

"ఎట్ల పారేస్త? అంతట కొట్టి వినాలె."

"మరి బిడ్డ ముచ్చట గింత జల్దిగ తేల్చినవేంది? పొగరో మొద్దో అయితే ఒకసారి గింత మంచిగ ఎట్ల పట్టుకుంటది? స్కేలుతోని ఇంతకన్న తెల్వదు. వికారాబాద్‌ల పిల్లల డాక్టర్‌కు చూపిద్దాం, నేనూ వస్త."

నాయన కింద పడ్డ స్కేలు తీసి మేడం చేతికిచ్చాడు.

"మీరొస్తే వస్త మేడం," అన్నాడు.

ముగ్గురం రైల్లో వెళ్లాం. నా ధ్యాస నిలవకపోవడం నా తప్పు కాదని డాక్టరు చెబుతుంటే నాయన తలపాగా తీసి ఒళ్లో పెట్టుకుని విన్నాడు. టీసీ మాట మళ్లీ ఎత్తలేదు.

మేడం ఇప్పుడు లేరు. నేను వికారాబాద్‌లోనే సైన్సు చెబుతున్నాను. మీటింగుల్లో నా మనసు ఇప్పటికీ షికారుకు వెళ్తుంది.

నిన్న శిరీష తల దించుకుని తిట్ల కోసం ఎదురుచూస్తూ నిలబడింది. నవ్వేవాళ్లను ఊరుకోమని, స్కేలు తీసి పక్కన పెట్టి, "ఎటు పోయినవే గిప్పుడు?" అన్నాను. ఆ పిల్ల అనుమానంగా నా మొహం చూసింది. నిజంగానే అడుగుతున్నానని నమ్మకం కుదిరాక మెల్లగా చెప్పడం మొదలుపెట్టింది. నేను పక్కనే కూర్చుని విన్నాను.