కోటలపోరు తీర్పరి

చంద్రగిరిలో రిజిస్ట్రారు ఆఫీసు ఎదుట రేకుల పందిరి కింద కూర్చుని దస్తావేజులు రాసే మునిచంద్ర లెక్కలో లోకంలో రెండు రకాల మనుషులే ఉన్నారు. కాగితాన్ని చివరి అక్షరం దాకా చదివేవాళ్లు ఒక రకం, మోసపోయేవాళ్లు రెండో రకం. మొదటి రకంలో తనొక్కడే ఉన్నాడని ఆయన గట్టి నమ్మకం. వయసు నలభై ఆరు, ఇరవై రెండేళ్లుగా అదే పని. పెరుగు ప్యాకెట్టు తెచ్చినా వెనక రాసిందంతా చదివాక గానీ కత్తిరించనివ్వడు. ఎవరైనా శుభలేఖ తెచ్చిస్తే అందులో తప్పు పట్టి, ఇచ్చినవాళ్ల మొహం మీదే చెప్పి పంపుతాడు. భార్య వరదమ్మ సరుకుల చీటీ రాసివ్వడం మానేసి పదేళ్లయింది. కందిపప్పు కిలో అని రాస్తే ఏ కొట్లో, ఏ రకం, ఏ పూటలోపల అన్నది రాయలేదని పేచీ పెట్టేవాడు. ఇప్పుడు ఆమే సంచీ పట్టుకుని వెళ్లి తెచ్చుకుంటుంది, ప్రాణానికి హాయిగా ఉందంటుంది.

అలాంటి మనిషి వచ్చి తనలో పడటం కోటలపోరు అనే ఆట చేసుకున్న పాపం.

మూడేళ్ల కిందట ఒక ఆదివారం మునిచంద్ర తిరుపతి బస్టాండు వెనక ఉన్న ప్రతాప్ జిరాక్సు షాపుకు వెళ్లాడు. షాపు వెనకగదిలో ప్రతాప్ రెండు బల్లలు వేసి కోటలపోరు ఆడేవాళ్లకు ఇస్తాడు. అది పేకాట కాదు. బెంగళూరు కంపెనీ ఒకటి తెలుగులోనే ముద్రించి అమ్మే కార్డుల ఆట. ప్యాకెట్టులో ఏ కార్డులు వస్తాయో విప్పేదాకా తెలియదు. వచ్చినవాటిని ఒకరితో ఒకరు మార్చుకుని నలభై కార్డుల కట్ట కూర్చుకోవాలి, ఆ కట్టతో ఎదుటివాడి కోటలు కూల్చాలి. ప్రతి కార్డు మీదా ఒక బొమ్మ, బొమ్మ కింద రెండు మూడు వరుసల రాత. ఆ కార్డు ఏం చేస్తుందో, ఎప్పుడు చేస్తుందో అందులో ఉంటుంది. ఆ రోజు లోపల ఇద్దరు నీది ముందా నాది ముందా అని గొంతులు పెంచుకుంటున్నారు. మునిచంద్ర తను తెచ్చిన కాగితాలు మరిచిపోయి లోపలికి దూరాడు. ఎవరూ అడక్కుండానే కార్డు అందుకుని, కళ్లజోడు పైకెత్తి చదివాడు. హక్కులున్నాయి, షరతులున్నాయి, గడువులున్నాయి. ఇన్నేళ్లుగా ఎకరాల మీదా సెంట్ల మీదా తను చేస్తున్న పనే ఇక్కడ మనుషులు సెలవు రోజున, ఇష్టపడి చేస్తున్నారు. ఆయనకు కళ్లు చెమర్చాయంటే నమ్మాలి. కట్ట కొనుక్కున్నాక గానీ ఇంటికి రాలేదు.

ఆట ఆయనకు అంతంతమాత్రంగానే వచ్చింది. వాదన మాత్రం పుట్టుకతోనే వచ్చింది. ఎదుటివాడు కార్డు బల్లమీద పెట్టడం ఆలస్యం, మునిచంద్ర అరచెయ్యి అడ్డం పెట్టి ఒక్క నిమిషం అనేవాడు. ఆ నిమిషం ఒక్కోసారి ముప్పావుగంట పట్టేది. రేణిగుంట గిడ్డంగిలో పనిచేసే గిరి ఆ అరచేతిని చూస్తే చాలు, లేచి టీకి వెళ్లేవాడు, తాగి వచ్చేసరికి ఆయన ఇంకా రెండో వరుసలోనే ఉండేవాడు. కోడిగుడ్డుకు ఈకలు పీకడం అందరూ విన్నదే, పీకిన ఈకలను బారుగా పేర్చి చూపించేవాణ్ని ఈయన్నే చూశామని అక్కడ ఆడేవాళ్లు వెనక నవ్వుకునేవాళ్లు. అయినా రావద్దని ఎవరూ అనలేదు. పెద్దవాడు, పైగా వరదమ్మ చేసిన మురుకుల డబ్బా తెచ్చేవాడు.

నిస్సీతో జరిగిన గొడవ చెబితే మిగతావన్నీ చెప్పినట్టే. నిస్సీ నగరి పిల్ల. అక్కడే ఒక ప్రైవేటు బడిలో లెక్కల పంతులమ్మ, తల్లిదండ్రులు మరమగ్గాల మీద పనిచేస్తారు. ఆదివారం ప్రార్థన కాగానే బస్సెక్కి వచ్చి, నాలుగు ఆటలాడి, సాయంత్రం బస్సుకు వెళ్లిపోయేది. అందరిలోకీ ఆటలో దిట్ట ఆమే. ఒకరోజు మునిచంద్ర కార్చిచ్చు అనే కార్డు వేశాడు. ఆ కార్డు ముందు ఎదుటివాళ్ల కోట ఒకదాన్ని కూలుస్తుంది, ఆపై వాళ్ల చేతిలో ఉన్న కార్డులన్నీ పారేయిస్తుంది. నిస్సీ కోటకు కాపరి అనే కార్డు కాపలా ఉంది. కోట కూలితే, ఆటలో అంతకుముందే చచ్చిన వీరుల కార్డుల్లో ఒకదాన్ని ఆ కాపరి ఆమె చేతికి తిరిగి తెస్తాడు. ఇక్కడే చిక్కు. వీరుడు కోట కూలగానే వస్తే, చేతిలో ఉన్న మిగతావాటితో పాటు వాడూ పోతాడు. కార్చిచ్చు తన పనంతా ముగించాక వస్తే బతుకుతాడు. మొదలైన కార్డు ముగిసేదాకా మిగతావి ఆగాలని నిస్సీ అంది. అది రూల్సు పుస్తకంలో మూడో పేజీలో ఉంది కూడా. మునిచంద్ర ఆ పేజీని పక్కకు తోసి, ముందు రిజిస్టరైన పత్రానికే ముందు హక్కని మొదలుపెట్టాడు. కోట కూలిన క్షణానే కాపరికి హక్కు పుట్టిందన్నాడు. పుట్టిన హక్కును ఆపడానికి ఆమెకు అధికారం లేదన్నాడు. అన్నదమ్ముల పంపకాల కథ ఒకటి, గట్టు తగాదా కథ ఒకటి సాక్ష్యానికి తెచ్చాడు. నిస్సీ రెండుసార్లు గడియారం చూసుకుంది. మూడోసారి చూసి, వీరుణ్ని పారేసి, ఓడిపోయానని చెప్పి సంచీ తగిలించుకుంది. ఆయన గెలిచిన ఆటల్లో సగం ఇలా ఎదుటివాళ్ల బస్సు టైముకు గెలిచినవే. ఆయన మాత్రం ఆ రాత్రి అన్నం తింటూ, ఆ పిల్లకు వాదన తలకెక్కేసరికి సాయంత్రమైందని వరదమ్మతో చెప్పాడు.

ఈ ఏడాది వేసవిలో కంపెనీ నుంచి ప్రతాప్‌కు కాగితం వచ్చింది. చిత్తూరు, తిరుపతి ప్రాంతానికి ఒక తీర్పరిని వేస్తారట. ఆ ప్రాంతంలో క్రమంగా ఆడేవాళ్లు ఎనిమిదిమంది సంతకాలు పెట్టి ఎవరి పేరు పంపితే వాళ్లనే వేస్తారు. నల్లచొక్కా ఇస్తారు. ప్రతాప్ ఆ కాగితాన్ని గోడకు పిన్ను చేశాడు. రెండు కాగితాలు కలిపి కుట్టినవి. మునిచంద్ర మొదటి కాగితం అడుగు దాకా చదివాడు. అక్కడ పోటీలో తీర్పరి మాటే అంతిమం, దాని మీద అప్పీలు లేదు అని ఉంది. ఆ వాక్యాన్ని ఆయన నాలుగుసార్లు చదివాడు. అడుగున ఇంకో కాగితం ఉన్నట్టు తెలుస్తూనే ఉంది. ఏదో చిరునామా, ఫోను నంబర్లు అయి ఉంటాయిలే అనుకున్నాడు.

ఆయనను మరీ ఎగతాళి చేయడం తప్పు. ఇరవై రెండేళ్లు ఒకరు చెప్పింది ఇంకొకరి పేరున రాశాడు. ఆయన రాత మీద వేలిముద్ర ఎవరిదో, ముద్ర ఎవరిదో, మాట ఎవరిదో. లేఖరి అని మూలన ఇంత చిన్న సంతకం మాత్రం ఆయనది. నువ్వేమంటావు మునిచంద్రా అని ఆ ఆఫీసు మెట్ల మీద ఎవ్వరూ ఇంతవరకూ అడగలేదు. ఆయన మాటకు అవతల ఇంకో మాట లేని చోటు ఒక్కటి కావాలని ఆయనకు ఆకలిలా ఉండేది. ఆ చొక్కా రాకపోతే తను బతికినన్నాళ్లూ మూలన సంతకమే అనిపించింది.

వారమంతా కూర్చుని నాలుగు పేజీల అర్జీ రాశాడు. ఆదివారం మురుకులు రెండు డబ్బాలు పట్టుకుని వెళ్లాడు. సంతకానికి ముందు పత్రాన్ని చదివి వినిపించడం ఆయన వృత్తిధర్మం. గొంతు సవరించుకుని, ఈ దిగువ సంతకములు చేయువారము అని ఎత్తుకున్నాడో లేదో గిరి పెన్ను అడిగాడు.

"చదివేది ఎందుకు లేన్నా. మీ మీద మాకు నమ్మకం లేదా ఏమి?"

గిరి పెట్టాడు. ప్రతాప్ పెట్టాడు. నిస్సీ కూడా, ఇంకో పెన్ను తెచ్చుకుని మరీ పెట్టింది. మిగతా అయిదుగురూ వరసలో నిలబడ్డారు. టీ గ్లాసు చల్లారేలోపు ఎనిమిది సంతకాలూ పూర్తయ్యాయి. మునిచంద్ర కాళ్లు నేల మీద నిలవలేదు.

ఆయన వృత్తిలో చదవకుండా సంతకం పెట్టేవాళ్లు రెండు రకాలు. రాసినవాణ్ని దేవుడిలా నమ్మినవాడు ఒకడు. ఎలాగైనా సరే ఆ ఆస్తి వదిలిపోతే చాలనుకునేవాడు ఇంకొకడు. రెండో రకాన్ని ఆయన పెన్ను పట్టుకునే తీరులోనే గుర్తుపట్టేవాడు, గుర్తుపట్టి కొనేవాణ్ని చాటుగా హెచ్చరించేవాడు. ఆ ఆదివారం మాత్రం ఎనిమిదిమందినీ మొదటి రకంలో రాసేసుకున్నాడు. ఇంటికి వచ్చి చెబితే వరదమ్మ చేస్తున్న పని ఆపింది.

"నాలుగు పేజీలూ చదవకుండానే పెట్టేసినారా? అట్ల పెట్టేవాళ్లను నమ్మకూడదని నువ్వే గదా చెప్తావు."

ఆటల సంగతి ఆడవాళ్లకేం తెలుసని ఆయన విసుక్కున్నాడు. అందరికంటే బాగా ఆడేది నిస్సీ అన్న సంగతి ఆ క్షణాన గుర్తుకు రాలేదు.

నియామకం వచ్చింది, చొక్కా వచ్చింది. పోటీ నెల తరువాత చిత్తూరులో. ఆ నెలంతా మునిచంద్ర ప్రతాప్ షాపు వైపు వెళ్లలేదు. తీర్పరి అంటే తయారై ఉండాలని, ఏ కార్డు ముందో ఏది వెనకో రాసుకుని పుస్తకంలా కుట్టుకున్నాడు. అరవై పేజీలు తేలాయి. కార్చిచ్చు గురించే ఆరు పేజీలు. నిజం చెప్పాలంటే ఆ ఆరు పేజీలు రాస్తున్నప్పుడు నిస్సీ చెప్పిందే సరైనదని ఆయనకు అర్థమైంది. ఒక పూట మనసు బాగోలేదు. ఆ తరువాత, ఈ తీర్పును తనే నోటితో చెబితే ఆ పిల్ల ఎంత గౌరవిస్తుందో ఊహించుకుని తేరుకున్నాడు.

పోటీ ఒక కల్యాణమండపం భోజనాల హాల్లో పెట్టారు. పలమనేరు నుంచి, పుత్తూరు నుంచి, నగరి నుంచి నలభైమంది వచ్చారు. మునిచంద్ర నల్లచొక్కా వేసుకుని, ఎత్తుకుర్చీలో, ఒళ్లో అరవై పేజీలతో కూర్చున్నాడు. ఎవరైనా చెయ్యెత్తితేనే తీర్పరి దిగాలని నియమం. పదింటికి ఒక చెయ్యి లేచింది. ఆయన పరుగున వెళ్లాడు. అది పలమనేరు ఆయన ఒళ్లు విరుచుకోవడం. పన్నెండింటికి మూలబల్ల దగ్గర ఇద్దరు గట్టిగానే తగులుకున్నారు. మునిచంద్ర లేచి, పేజీలు తిప్పుకుంటూ బయలుదేరాడు. ఆయన రావడం వాళ్లు చూశారు. నీదే ముందులే అని ఒకడన్నాడు, కాదు కాదు నీదే ముందు అని రెండోవాడన్నాడు. అప్పటిదాకా కొట్టుకున్నవాళ్లు ఒకరికొకరు వదులుకోవడానికి పోటీ పడ్డారు. ఆయన వాళ్ల బల్ల దగ్గర కాసేపు నిలబడి తిరిగొచ్చాడు. సాయంత్రం దాకా ఎవరికీ ఏ సందేహమూ రాలేదు. నలభైమంది ఒక్కరోజులో అంత మంచివాళ్లు కావడం ఆయన ఎన్నడూ చూడలేదు.

నిస్సీ గెలిచింది. అందరూ చప్పట్లు కొట్టాక, సర్దుకునే వేళ, మునిచంద్ర సంచీలోంచి తన కట్ట తీశాడు. నెలరోజులైంది కార్డు పట్టుకుని, వేళ్లు జిలపెడుతున్నాయి. కార్చిచ్చు విషయంలో నువ్వు చెప్పిందే సరి అని ఆమెకు చెప్పాలనుకున్నాడు. ఆడుతూ చెబితే బాగుంటుందనుకున్నాడు.

"ఒక్క ఆట ఆడదాం రామ్మా."

నిస్సీ గిరివైపు చూసింది. గిరి ప్రతాప్‌వైపు చూశాడు.

"తీర్పరి ఆడకూడదు గదా సార్," అంది నిస్సీ.

"యాడ రాసుండాది?"

ప్రతాప్ తన ఫైలులోంచి కంపెనీ కాగితం తీసి, రెండో పేజీ తిప్పి ఇచ్చాడు. చిరునామాకు పైన ఒకే ఒక్క వాక్యం ఉంది. తీర్పరిగా నియమితులైనవారు ఆ పదవిలో ఉన్నంతకాలం, తమ ప్రాంతపు ఆటగాళ్లెవరితోనూ, పోటీలో గానీ సరదాకు గానీ, కోటలపోరు ఆడరాదు. మునిచంద్ర రెండుసార్లు చదివాడు.

"ఇది మీకు ముందే తెలుసునా?"

గిరి కుర్చీలు సర్దసాగాడు. నిస్సీకి అబద్ధం చెప్పే అలవాటు లేదు.

"తెలుసు సార్. ఇది సూసే అందరం సంతకం పెట్టినాము."

ఇంక ఆయన అరచెయ్యి లేస్తుందని ముగ్గురూ ఎదురుచూశారు. లేవలేదు. మునిచంద్ర ఆ వాక్యాన్ని మూడోసారి, లేఖరి కళ్లతో చదివాడు. పోటీలో అని ఆగకుండా సరదాకు అని కూడా రాశాడు మహానుభావుడు. ఎవరితోనూ అన్నాడు. ఇన్నేళ్లలో అంత పకడ్బందీగా రాసిన వాక్యం ఆయన చేతికి రాలేదు. ఒక్కటే సందుంది, పదవి వదులుకుంటే ఆడవచ్చు. అది ఆయన కంటికి వెంటనే పడింది. వదులుకుంటే తన ఎదుట కూర్చునేది ఎవరని మాత్రం, ఆ ముగ్గురినీ అడగడానికి ఆయనకు నోరు రాలేదు.