టాపెట్ చప్పుడు పోయిందని మురిసిపోయాను

ఆ రోజు నా మెకానిక్ షెడ్డులో బాగుచేసిన మూడు బండ్లూ స్టార్ట్ చేసి విన్నాను. ఒక్కదాంట్లోనూ టాపెట్ చప్పుడు లేదు. ఇంజన్ పైభాగంలో వచ్చే ఆ సన్నని టకటకను బట్టే నేను బండి రోగం చెబుతాను. మాచర్లలో ఇరవై ఏళ్లుగా నాకు పేరు తెచ్చింది ఈ చెవులే. నా పని బాగా కుదిరిందని తెగ మురిసిపోయాను. సాయంత్రానికి ఆ ముగ్గురిలో ఒకాయన, వెల్దుర్తి రైతు, తన బండి వెనక్కి తెచ్చాడు.

"ఏంది జానీ భాయ్, టకటక పోలా. ఇంకా చానా పెరిగింది. నీకు ఇనపళ్లా?"

ఆ టకటక నాకు వినపడలేదు.

అప్పటికి మూడు నెలలుగా టీబీ మందుల మీద ఉన్నాను. మామూలు మందులకు లొంగని ఎండీఆర్ టీబీ. రోజూ పొద్దున్నే ఆసుపత్రిలో అమికాసిన్ ఇంజెక్షన్. మొదటి రోజే డాక్టరమ్మ హెచ్చరించారు. "ఇది చెవుల్ని దెబ్బతీయొచ్చు. గుయ్‌మన్నా, తల తిరిగినా అదే రోజు నాకు చెప్పాలి. నెలనెలా ఆడియోమెట్రీ, అంటే వినికిడి పరీక్ష, చేయించుకోవాలి."

రెండో నెలలోనే గుయ్‌మంది. చెప్పలేదు. చెబితే ఇంజెక్షన్ ఆపేస్తారని, ఆపితే టీబీ తిరగబెడుతుందని భయం. మా ఆయేషా అప్పటికి ఏడాది పిల్ల, ఇంకా మాటలు రాలేదు. నా జబ్బు తెలియగానే పిడుగురాళ్లలో వాళ్ల అమ్మమ్మ దగ్గరకు పంపేశాం. అది త్వరగా ఇంటికి రావాలంటే ఇంజెక్షన్ ఆగకూడదు, అంతే నాకు తెలిసింది. పరీక్షకు నరసరావుపేట వెళ్లమంటే రెండుసార్లు ఎగ్గొట్టాను. చెవుల్లో హోరు గ్రైండింగ్ మిషన్ వల్లేనని నా భార్య రుక్సానాకు అబద్ధం చెప్పాను.

రైతు వచ్చిన మర్నాడు నరసరావుపేట పరుగెత్తాను. రిపోర్టు చూసి డాక్టరమ్మ తల పట్టుకున్నారు. "హై ఫ్రీక్వెన్సీ లాస్, సన్నని శబ్దాలు ఇక వినపడవు. పోయింది తిరిగి రాదు జానీ. మిగిలింది కాపాడుకుందాం. మొదట్లోనే చెబితే వేరే మందు ఇచ్చేదాన్ని కదయ్యా!" ఆ మాట ఇప్పటికీ గుచ్చుకుంటుంది.

ఇంజెక్షన్ ఆపి లినెజోలిడ్ మాత్రలు రాశారు. కొన్ని నెలలకు పాదాల్లో తిమ్మిరి మొదలైంది. ఈసారి మర్నాడే చెప్పాను. డోసు తగ్గించారు.

ఏడాది తర్వాత, కఫం పరీక్షలన్నీ నెగటివ్ వచ్చాక, ఆయేషా ఇంటికొచ్చింది. ఆపకుండా మాట్లాడుతూనే వచ్చింది. నాకు పెదవులు కదలడమే కనిపించింది.

ఇప్పుడు టీబీ పూర్తిగా తగ్గింది. ఇంజన్ మీద అరచెయ్యి పెట్టి తేడా పట్టుకుంటున్నాను. చెవి మిషన్ పెట్టుకుంటే మగవాళ్ల మాట తెలుస్తుంది, పిల్ల మాట మాత్రం గొణిగినట్టే ఉంటుంది. దాని గొంతు ఎట్టుంటదని రుక్సానాను అడిగాను. "అచ్చం మీ గొంతే. అరిస్తే బజారంతా ఇనపడుద్ది" అని నవ్వింది. ఒక్క మాట, ఒక్కసారి వింటే చాలనిపిస్తుంది.

మందు మానమని నేను చెప్పను. ఆ మందులే లేకపోతే నేను లేను. కానీ డాక్టరు మందు రాసినప్పుడు, ఏం కనిపిస్తే పరుగెత్తుకు రావాలో అడిగి కాగితం మీద రాయించుకోండి. ఆ కాగితం మీ దగ్గర పెట్టుకోవద్దు, ఇంట్లోవాళ్లకివ్వండి. భయపడ్డ మనిషి దాస్తాడు. నేను అలా కాగితం రాయించి రుక్సానాకు ఇచ్చి ఉంటే, నా కూతురు నన్ను ఏ గొంతుతో పిలుస్తుందో ఈపాటికి నాకు తెలిసి ఉండేది.